జయరాముడి రోజా

మస్కట్‌లో మత్రా బజారు వెనక సందులో, వడ్రంగి దుకాణంలో పనిచేసే దస్తగిర్‌ను ఎరిగినవాళ్ళంతా ఒక మాట ఒప్పుకుంటారు. మనిషి నిజాయితీపరుడు, నమాజు తప్పడు, ఒకరి సొమ్ము ముట్టడు. కానీ పక్కవాడి ముఖంలో కాస్త వెలుగు కనిపిస్తే మాత్రం ఆ పూట అతనికి అన్నం సయించదు. దుకాణంలో ఇంకొకడు చేసిన తలుపును ఎవరైనా మెచ్చుకుంటే, దస్తగిర్ లేచి వెళ్ళి ఆ తలుపును వేలితో తట్టి, "కొయ్య పచ్చిది. రెండేండ్లకు వంగుతుంది" అనేవాడు. ఒక్కోసారి అది నిజంగానే వంగేది. అప్పుడు అతని సంతోషం చూడాలి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి అది. రాయచోటి దగ్గర వాళ్ళ ఊళ్ళో పీర్ల చావిడి తాతల కాలం నుంచి వాళ్ళ ఇంటివాళ్ళ చేతిలోనే ఉంది. మొహర్రం వస్తే పీర్లను కడిగేది, కట్టేది, ఎత్తేది వాళ్ళే. అయితే ఏం లాభం? గుండం తొక్కే వేళకు ఊరి కళ్ళన్నీ అదే ఊరి జయరాముడి నాయన మీదే ఉండేవి. ఆయన నిప్పుల మీద నింపాదిగా నడిచి వస్తుంటే ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకుని ముందుకు తోసుకొచ్చేవాళ్ళు, ఆయన చేతి ఊది కోసం. చావిడి మాదైతే దండాలు వాళ్ళకా, అని చిన్ననాడే దస్తగిర్ కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. ఆ గుండం చల్లారింది గానీ ఈ నిప్పులు చల్లారలేదు.

ఎనభై ఎనిమిదిలో ఇద్దరూ ఒకే ఏజెంటు చేతిలో పడి ఒమన్ వచ్చారు. దస్తగిర్ సెంట్రింగ్ పనికి, జయరాముడు గోడలు కట్టే బేల్దారి పనికి. విమానం ఎక్కేటప్పుడు దస్తగిర్‌కు లోలోపల ఒక తృప్తి. అక్కడ ఐదు పూటలా అజా వినిపిస్తుంది. అక్కడ తను లోపలివాడు, రాముడు బయటివాడు. ఇన్నాళ్ళకు లెక్క సరిపోయింది అనుకున్నాడు.

బహ్లాలో సైట్ మీద దిగిన నెలలోనే ఆ లెక్క తారుమారైంది. ఖురాన్ సూరాలు తప్పు లేకుండా చదివే దస్తగిర్‌కు అంగట్లో కిలో ఎర్రగడ్డలు అడగడానికి నోరు పెగిలేది కాదు. జయరాముడు మూడు అరబ్బీ మాటలు, నాలుగు హిందీ మాటలు, మిగతాది చేతులతో కలిపి ఎవరితోనైనా గంటసేపు మాట్లాడేవాడు. తప్పులు మాట్లాడి తనే ముందు నవ్వేవాడు. అంగడివాళ్ళు, టాక్సీవాళ్ళు, ఖర్జూరపు తోటల రైతులు, అందరికీ "జైరామ్" కావాలి. దస్తగిర్‌ను మాత్రం "జైరామ్ సదీక్" అనేవాళ్ళు, జైరామ్ స్నేహితుడని. నాకు పేరు లేదా, అని అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది.

కువైట్ యుద్ధం ముగిసిన ఏడు వాళ్ళకు కష్టం వచ్చిపడింది. కాంట్రాక్టర్ లీవు మీద ఊరికి పోతున్నానని చెప్పి పోయాడు, మళ్ళీ రాలేదు. పాస్‌పోర్టులు అతని బీరువాలో ఉండిపోయాయి. సగం లేచిన ఇల్లు సగంలోనే నిలిచింది. రూమ్‌లో ఉన్న మిగతావాళ్ళు కొన్నాళ్ళు చూసి, తలా ఒక దారి పట్టుకుని మస్కట్ వైపు వెళ్ళిపోయారు. దస్తగిర్ మాత్రం కదలలేకపోయాడు. కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకున్నాడు. ఆస్పత్రిలో మలయాళీ డాక్టరు మాత్రలిచ్చి, కారం తినొద్దు, కడుపు ఖాళీగా ఉంచొద్దు, ఈ ఏడు రోజా ఊసే ఎత్తొద్దు అని గట్టిగా చెప్పాడు. వారం తిరగకుండా రంజాన్ నెల పొడిచింది.

జయరాముడు వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో దస్తగిర్‌కు అర్థం కాలేదు. అర్థం కానిచోట మంచిని ఊహించుకోవడం అతని ఇంటావంటా లేదు. ఇక్కడేదో పిండుకునేది ఉండే ఉంటుంది, లేకపోతే వీడెందుకుంటాడు, అనుకున్నాడు.

రంజాన్ మొదటి రోజు పొద్దున జయరాముడు నీళ్ళు కూడా ముట్టలేదు.

"ఏందిరా, ఒళ్ళు బాగలేదా?" అన్నాడు దస్తగిర్.

"రోజా ఉండాన్నా."

"నువ్వా?"

"ఎట్లాగూ తిండి లేదు గదన్నా. ఉత్త ఆకలికంటే ఇదైతే పుణ్యమన్నా వస్తాది" అని నవ్వేశాడు జయరాముడు.

దస్తగిర్ నవ్వలేదు. తను చిన్నప్పటినుంచి ఒక్క రోజా విడిచినవాడు కాదు. ఇప్పుడు తను మూలన పడుకుని గంటకోసారి రొట్టెముక్క నములుతుంటే, వీడు ఉపవాసమా? అదీ నవ్వుతూనా?

సైట్ పక్కన ఖర్జూరపు తోట ఉంది. తోట ఖల్ఫాన్ అనే ముసలాయనది. పెద్దవాళ్ళను అక్కడ వాలిద్ అంటారు, నాయన అన్నమాట. వాలిద్ ఖల్ఫాన్ కుర్రతనంలో ఓడల మీద బొంబాయి తిరిగినవాడు. ఆ నాటి హిందీ ఆయన నాలుక మీద ఇంకా మిగిలి ఉంది. తోట అంచునే చిన్న మసీదు. సాయంత్రమైతే ఆయన మసీదు ముందు చాప పరిపించి, ఖర్జూరాలు, మజ్జిగ, సమోసాలు పెట్టించేవాడు. దారిన పోయేవాడు ఎవడైనా కూర్చోవచ్చు. జయరాముడు మొదటి రోజే పోయి కూర్చున్నాడు. రెండో రోజు వాలిద్ అతన్ని చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఇది దస్తగిర్ కళ్ళారా చూశాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ అతను కూడా పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు పోయేవాడు. రోజా లేనివాడు రోజా ఉన్నవాళ్ళతో పాటు వరసలో కూర్చుని, అజా కాగానే ఖర్జూరం నోట్లో వేసుకునేవాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని భయపడేవాడు. ఎవరూ అడగలేదు. వాలిద్ పళ్ళెం అతని ముందుకు జరిపి, మళ్ళీ జయరాముడి వైపు తిరిగి ఏదో అనేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నమాజుకు అందరూ లోపలికి లేస్తే జయరాముడు బయట చెప్పులు సర్దుతూ కూర్చునేవాడు. లోపల నేలకు నుదురానించి సజ్దాలో ఉన్న దస్తగిర్ ధ్యాసంతా అల్లా మీద కాక ఆ చెప్పుల దగ్గర ఉండేది.

అక్కడితో అయిపోతే బాగుండేది. రోజూ ఇఫ్తార్ కాగానే వాలిద్ ఇంట్లోంచి జయరాముడికి ఒక మూతగిన్నె వచ్చేది. గోధుమలు మెత్తగా ఉడికించి చేసే జావ, హరీస్ అంటారు. జయరాముడు దాన్ని రూమ్‌కు తెచ్చి దస్తగిర్ ముందు పెట్టేవాడు.

"నాకు సయించదన్నా, సప్పగా ఉండాది. నువ్వు తిను."

సమోసాలు వాడికి, వాడికి సయించనిది నాకు! దస్తగిర్ తినేవాడు. తినక ఏం చేస్తాడు, కడుపు అడుగుతుంది. తిన్నంతసేపూ అవమానంగా ఉండేది. ఆ జావతోనే ఒంట్లోకి కాస్త సత్తువ వస్తోందని తెలుస్తూనే ఉంది. అది కూడా రాముడి చేతి మీదుగా వస్తోందే అని ఇంకా కోపం.

తెల్లవారుజామున సహరీకి, అంటే రోజా మొదలయ్యే ముందు తినే తిండికి, జయరాముడు లేచి, దీపం వెలిగించకుండా, నిన్నటి ఎండు రొట్టెను నీళ్ళలో ముంచుకుని తినేవాడు. ఆ చప్పుడు దస్తగిర్‌కు వినపడేది. తిండిబోతు, ఎంత ఆత్రమో, అని గోడవైపు తిరిగి నిద్ర నటించేవాడు.

నెల సగం దాటాక సైట్ అర్బాబ్, అంటే ఆ ఇంటి యజమాని, వచ్చాడు. పండగ తర్వాత రూమ్ ఖాళీ చెయ్యాలన్నాడు. ఇంకో కాంట్రాక్టర్‌ను పెట్టుకుంటున్నాడట, వాడి మనుషులు వస్తారట. ఆ సాయంత్రమే వాలిద్ అందరూ వింటుండగా జయరాముడితో అన్నాడు, "నా తోటలో ఒక గది ఉంది. ఒకడికి చోటుంది. చెట్లకు పని చేసేవాడు కావాలి. పాస్‌పోర్టు సంగతి నేను మాట్లాడతాను."

ఒకడికి చోటుంది. ఆ మాట దస్తగిర్ చెవిలో మేకులా దిగింది. ఆ ఒకడు ఎవడో వేరే చెప్పాలా? తను ఈ జబ్బు ఒంటితో ఎక్కడికి పోతాడు? ఏ రోడ్డు పక్కన పడతాడు? ఇది నా వాళ్ళ దేశం, నా మసీదు, నా రంజాన్. ఊళ్ళో దండాలు వాళ్ళ నాయనకు పోయాయి, ఇక్కడ చోటు కొడుక్కి పోతోంది. ఇక ఓర్చుకోవడం అతని చేత కాలేదు.

మరునాడు పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, వాలిద్ వెనకాలే తోటలోకి నడిచాడు. ముసలాయన కాలువ గట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"వాలిద్, మీకొక సంగతి చెప్పాలి" అన్నాడు ఉర్దూలో. బతుకులో ఒకరి మీద చాడీ చెప్పడం అదే మొదలు. "ఆ జయరాముడు మనవాడు కాదు. హిందువు. వాడి రోజా రోజా కాదు. తిండి కోసం వేషం వేస్తున్నాడు. మీరు మంచివారు, మోసపోతారని..."

ముసలాయన కాళ్ళు కడుక్కోవడం ఆపలేదు.

"హిందువని తెలుసు. మొదటి రోజే చెప్పాడు" అన్నాడు తన పాత బొంబాయి హిందీలో. "మరి రోజా ఎందుకని అడిగాను. నీ కోసమని చెప్పాడు."

"నా కోసమా?"

"మా అన్నకు కడుపు పగిలింది, డాక్టరు రోజా వద్దన్నాడు, జ్వరంలో రోజా రోజా అని ఏడ్చాడు. అందుకని ఈ నెల అన్న బదులు నేను ఉంటున్నా, అన్నాడు." వాలిద్ పైకి చూశాడు. "ఒకరి రోజా ఇంకొకరు ఉండడం మన దీన్‌లో లేదయ్యా, అని చెప్పాను. వాడేమన్నాడో తెలుసా? మా ఊళ్ళో ఉంది, అన్నాడు."

దస్తగిర్‌కు గుర్తొచ్చింది. నిజమే, ఊళ్ళో ఉంది. పీర్లకు తల్లి మొక్కుకుంటే, ఆమె మంచాన పడితే, కూతురో చెల్లెలో ఉపవాసముండి మొక్కు తీర్చేవాళ్ళు. చావిడిలో కూర్చుని ఆ చదివింపులు అందుకున్నది దస్తగిర్ ఇంటివాళ్ళే. ఆ పద్ధతినే రాముడు రంజాన్‌కు తగిలించాడు. తెలిసినవాడు ఎవడూ చెయ్యని పొరపాటు.

"నేనేం చెప్పను? లెక్క చూసేవాడు పైనున్నాడు" అన్నాడు వాలిద్. "జబ్బుమనిషికి కారం లేని జావ కావాలని వాడే అడిగాడు. మా ఇంటావిడ రోజూ నీ కోసం విడిగా కాస్తోంది. పడుతోందా కడుపుకు?"

పడుతోందని తలూపాడు దస్తగిర్. మొదటి రోజు నుంచీ ఈయనకు తెలుసు. రోజా లేదని తెలిసే ఖర్జూరం పళ్ళెం ముందుకు జరిపాడు.

"ఇక తోటలో గది సంగతి" అన్నాడు ముసలాయన లేస్తూ. "అది చిన్నది. ఇద్దరూ ఇరుక్కోగలిగితే ఇరుక్కోండి."

రూమ్‌కు వచ్చేసరికి జయరాముడు గడప దగ్గర కూర్చుని మూతగిన్నెను ఇసుకతో తోముతున్నాడు. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. ఇన్ని రోజులుగా పక్కపక్కనే పడుకుంటూ దస్తగిర్ ఆ పెదాల వైపు ఒక్కసారి చూడలేదు.

"ఏందన్నా, అట్ల చూస్తాండావు?"

"నాకెందుకురా చెప్పలేదు?"

జయరాముడికి తెలిసిపోయింది. "ముసలాయన చెప్పేసినాడా! మొక్కు బయటికి చెప్తే చెడుతుందని ఆయనకు అంత చెప్పినా గదన్నా!" అని నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నీకు చెప్తే ఒప్పుకుంటావా? నీకు రోసమెక్కువ. నాకేమో మందులు తెలీవు, దువాలు తెలీవు. ఆకలికి ఓర్చుకునేదొకటి వచ్చు. గుండం తొక్కేముందు ఒక్కపొద్దులుండి మా నాయన నేర్పిచ్చినాడు."

"నేను నీ మీద చెప్పేదానికి పోయినానురా ఆయన దగ్గరికి. నువ్వు మనోడు కాదని."

జయరాముడు గిన్నెను ఇంకోసారి ఇసుకతో రుద్దాడు. "అబద్ధమేం చెప్పలేదులే" అన్నాడు. నవ్వబోయాడు గానీ ఈసారి నవ్వు సరిగా రాలేదు.

దస్తగిర్ గోడకు చేరగిలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. పోనీ ఏడ్చాకైనా కుళ్ళు పోయిందా అంటే అదీ లేదు. చింత చచ్చినా పులుపు చావదు. ఆ రోజాలను అల్లా ఎవరి పేరున రాసుకుంటాడో, అసలు రాసుకుంటాడో లేదో తెలియదు. ఎవరి పేరున రాసినా ఆ ఆకలి మాత్రం రాముడిది. తను ఇన్నేళ్ళుగా ఉన్న రోజాల్లో ఇంకొకరి కోసం పడ్డ ఆకలి ఒక్క పూటదైనా ఉందా అని వెతుక్కున్నాడు. దొరకలేదు. అంత అసూయ అతనికి ముందెప్పుడూ కలగలేదు.

మసీదు దగ్గర చాపలు పరుస్తున్నారు. జయరాముడు గిన్నె కడిగి బోర్లించాడు.

"రామూ" అన్నాడు దస్తగిర్. "రేపు సహరీకి నన్ను లేపు."

"డాక్టరు వద్దన్నాడు గదన్నా! మళ్ళా రక్తం పడుతుంది. నువ్వు తినాల్సిన పనేముంది ఆ పొద్దున?"

"తినేదానికి కాదురా" అన్నాడు దస్తగిర్. "నీకు వండిపెట్టేదానికి."