మామయ్యగారి ఇంజనుకు నా చెవులు

పోయిన నెలలో ఒక సోమవారం, నందిగామలో మా అద్దె ఇంటి అరుగు మీద కూర్చుని మినప్పప్పు కడుగుతుంటే, జగ్గయ్యపేట బస్సు దిగిన మా అత్తగారి వీధి మనిషి ఒకాయన గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి రాలేదు. "పొద్దున్నే మీ మామగారు పోయారమ్మా. కాఫీ తాగి, బండి తుడుచుకుంటా తుడుచుకుంటా అలాగే పక్కకి వాలిపోయారంట," అన్నాడు.

నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది విసుగే. ఆఖరికి ఆ బండి దగ్గరేనా, అనుకున్నాను. మీకు ఇది తప్పుగా తోచవచ్చు. ఆయనా, ఆ బండీ ఉన్న ఇంట్లో నాలుగేళ్లు వంట చేసినవాళ్లకైతే తోచదు.

మా మామగారు ఆయిల్ ఇంజన్ల మేస్త్రి. వేదాద్రి దగ్గర కృష్ణలో నీళ్లు తోడే ఇంజన్లు, చందర్లపాడు వైపు పొలాల్లో ఇంజన్లు, ఏది మొరాయించినా ఆయనకే కబురు వచ్చేది. పక్కన నిలబడి ఒక్క నిమిషం విని, రోగం ఎక్కడుందో చెప్పేవారట. నేను కాపురానికి వచ్చిన ఏడాది వేసవిలో, నందిగామలో తాను పనిచేసే షెడ్డు నుంచి ఒకరోజు మధ్యాహ్నమే జగ్గయ్యపేటలో ఇంటికి వచ్చేశారు. సామాన్ల సంచి వసారాలో దించి, "ఇంక వెళ్లను," అన్నారు. ఎందుకని అత్తయ్య అడగలేదు. ఆయన చెప్పలేదు. మర్నాడు చొప్ప కొట్టంలోకి దూరి, గోతాల కింద నుంచి ఒక మోటారు సైకిల్ని బయటికి లాగారు.

తెల్లదొరల కాలం నాటి బండి అది. మా ఆయన చంకలో పిల్లవాడుగా ఉన్నప్పుడు, అత్తయ్యను వెనక కూర్చోబెట్టుకుని వేదాద్రి వెళ్తుంటే దారిలో ఇంజను పట్టేసిందట. ఎర్రటి ఎండలో బిడ్డనెత్తుకుని ఇంటిదాకా నడిచిన అత్తయ్య, జన్మలో ఆ బండిని ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. "వచ్చే వారం బాగుచేస్తా," అన్నారట ఆయన. ఆ వచ్చే వారం ఇరవై ఆరేళ్లకు వచ్చింది.

"వానలు పడేలోపు అది నడిస్తే నడిచినట్టు. లేకపోతే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తా. నాకు కొట్టం కావాలి," అంది అత్తయ్య.

మామగారు తల ఊపారు. వినపడి ఊపారో, ఆమె మొహం చూసి ఊపారో అప్పుడు నాకు తెలియదు.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. ఇంజను లోపల పిస్టన్ గొట్టానికి కరుచుకుపోయింది. దాన్ని వదిలించాలంటే ఆముదం, కిరసనాయిలు కలిపి ప్లగ్గు కన్నంలో పోసి, రోజుల తరబడి నాననివ్వాలి. నా తలకు రాసుకునే ఆముదం సీసా అందులోకి పోయింది. వంట కిరసనాయిలు డబ్బా అందులోకి పోయింది. బియ్యం చెరిగే చేటలో మరలు, చక్రాలు, స్ప్రింగులు విప్పిన వరసలోనే బారుగా పేర్చి ఉండేవి. ఒక శుక్రవారం ఇల్లు కడుగుతూ అవన్నీ ఒక గిన్నెలోకి గుమ్మరించాను. ఆయన గిన్నెలోకి చాలాసేపు చూసి, గోడ వైపు తిరిగి, "వరస పోయింది," అన్నారు. అంతే. రెండు రోజులు కూర్చుని మళ్లీ పేర్చారు. తిట్టినా బాగుండేది.

గోడతో ఎందుకంటే, మా ఇళ్లల్లో మామగారి ఎదుట కోడలు నిలబడి మాట్లాడదు. ఆయనకు ఏం కావాలన్నా, "కాస్త మంచినీళ్లుంటే బాగుండు," అని గోడకు చెప్పేవారు. అన్నం వడ్డించాక నేను తలుపు చాటు నుంచి గ్లాసుతో గడప మీద టకటకా కొట్టేదాన్ని. కొత్తలో ఆ చప్పుడుకి లేచి వచ్చేవారు. ఆ వేసవిలో రావడం మానేశారు. నేను కొడుతూనే ఉండేదాన్ని, అన్నం చల్లారుతూనే ఉండేది. ఎంత గర్వం ఈయనకి, కోడలు పిలిస్తే లెక్కే లేదు అని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

నెల దాటాక పిస్టన్ కదిలింది. రోజూ కిక్కు మీద మెత్తగా కాలు ఆనించి, బలం పెట్టకుండా చూసేవారు. "తుప్పుతో తగువు పెట్టుకోకూడదు. బతిమాలుకోవాలి," అని గోడకు చెప్పారు. కార్బురేటరు సన్న కన్నాలు చీపురు పుల్లతో పొడిచారు. మూతల మధ్య వెయ్యడానికి అట్ట కావాల్సి వచ్చి, నా పెట్టెలో దాచుకున్న మా పెళ్లి శుభలేఖ కత్తిరించారు. నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే అత్తయ్య నవ్వింది. "ఊరుకోవే. పెళ్లయిపోయిందిగా, ఇంకెవర్ని పిలుస్తావ్?"

అన్నీ బిగించాక కిక్కు కొడితే బండి లేవలేదు. కొట్టిన ప్రతిసారీ కార్బురేటరులోంచి ఫట్ ఫట్ మని ఎదురు తుమ్ముతోంది. వంటింట్లో ఉన్న నాకే వినపడుతోంది. ఆయన మాత్రం పెట్రోలు అందడం లేదనుకుని గొట్టాలు విప్పుతున్నారు, బిగిస్తున్నారు. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, దాని చెక్క పిడి పళ్లతో కరిచి పట్టుకుంటున్నారు. ఇదేం చోద్యం అనుకున్నాను.

ఆ మర్నాడు బావి గట్టు మీద నుంచి ఇత్తడి బిందె నా చేతిలోంచి జారి, ఆయన వెనకగా బండల మీద దొర్లింది. పక్కింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. ఆయన తల తిప్పలేదు.

అప్పుడు నాకు గ్లాసు గుర్తొచ్చింది. చల్లారిన అన్నాలు గుర్తొచ్చాయి. స్క్రూడ్రైవరు పిడి కరిచింది, చెవికి అందని చప్పుడు పళ్లలోంచైనా తెలుస్తుందనే. నందిగామ షెడ్డు నుంచి మధ్యాహ్నమే ఎందుకు వచ్చేశారో కూడా తెలిసింది. చెవితో బతికిన మనిషికి చెవులు పోయాయి. అక్కడ ఏం చెప్పి పంపారో గానీ, తన చేతిలో పని ఇంకా పోలేదని చూసుకోవడానికి ఆయనకు ఈ ఒక్క ఇంజనే మిగిలింది.

అత్తయ్యకు చెప్పాను. "తెలీక కాదే," అంది ఆమె చేటలోకి చూస్తూ. "ఆయన చెప్పలా, నేను అడగలా."

"మరి ఇనుము వాణ్ణి రావద్దనండి, అత్తయ్యా."

"రావద్దంటే జాలిపడ్డట్టు కాదూ? ఆయనకది ఇంకా చేటు."

మబ్బు పట్టిన రోజునే పాత ఇనుము వాడు తోపుడు బండితో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మామగారు అతన్ని చూసి, ఇంకొక్కటి చూస్తానని వేలు చూపించారు. నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో సరిచూడాలట. దానికి ఇద్దరు కావాలి. ఒకరు వెనక చక్రం మెల్లగా తిప్పాలి. ఇంకొకరు ఇంజను పక్కన, నిప్పురవ్వ పుట్టే రెండు ముక్కల మధ్య సిగరెట్టు చుట్టే పల్చటి కాగితం పట్టుకుని లాగుతుండాలి. బిగిసి ఉన్న కాగితం ఎక్కడ వదులైతే అక్కడే చక్రం ఆపాలి. అత్తయ్యకు ఒట్టు ఉంది. మా ఆయన పనికి వెళ్లారు.

"పట్టుకోవే. కాగితమేగా, కరవదు," అని అత్తయ్య నన్ను ముందుకు తోసింది.

కొంగు తల మీదికి లాక్కుని కూర్చున్నాను. ఆయన తల వంచి చక్రం తిప్పుతున్నారు. కాగితం వదులైంది. నేను గాజులు ఆడించాను. చక్రం ముందుకు వెళ్లిపోయింది. మళ్లీ మొదటికి తిప్పారు. మళ్లీ వదులైంది. గాజులు గలగలా ఆడించాను. మళ్లీ దాటిపోయింది. "కాగితం వదల్లేదేంటో," అన్నారు గోడతో. మూడోసారీ అంతే. నా చెమటకి కాగితం మెత్తబడింది. ఇదే ఆఖరి కాగితం.

"అమ్మా, బండెత్తమంటారా? వాన పడేట్టుంది," అన్నాడు ఇనుము వాడు.

నాలుగోసారి కాగితం వదులైనప్పుడు ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. గాజుల మీద కోపం, గోడ మీద కోపం, పోయిన ఆముదం, పోయిన శుభలేఖ, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి.

"మామయ్యగారూ! వదిలింది! వదిలిందంటున్నా కదండీ, ఇంకెంతసేపు తిప్పుతారు!"

వీధి చివర ఇస్త్రీ బండి అతను కూడా ఇటు తిరిగి చూశాడట. చక్రం ఆగింది. మామగారు తలెత్తి, పెళ్లయ్యాక మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశారు.

"ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్లూ గ్లాసులు కొట్టావా అమ్మా?" అన్నారు.

గ్లాసు సంగతి ఆయనకు తెలుసన్నమాట. వినపడకపోయినా.

చక్రం ఆగిన చోట మర బిగించి, ప్లగ్గు పెట్టి కిక్కు కొట్టారు. మూడో కిక్కుకి ఇంజను లేచింది. కొట్టం నిండా ఆముదం పొగ. ఆయన బండి వైపు చూడలేదు, నా వైపే చూశారు.

"ఎలా ఉంది?"

"దగ్గుతోందండీ!"

స్క్రూ కొంచెం తిప్పారు. "ఇప్పుడు?"

"పరిగెడుతోంది!"

ఇంకాస్త వెనక్కి. "ఇప్పుడో?"

నేను కళ్లు మూసుకుని విన్నాను. "చల్ల చిలికినట్టుంది!"

"అదీ," అని చెయ్యి తీసేశారు. ఇనుము వాడు కూడా చూసి నవ్వుకుంటూ తన ఖాళీ తోపుడు బండి తోసుకుని పోయాడు.

సుఖపడ్డాననుకుంటున్నారేమో. ఆ తర్వాత మూడేళ్లూ, చుట్టుపక్కల ఊళ్ల ఇంజన్లన్నీ ఎడ్ల బండ్ల మీద మా వాకిట్లోకి వచ్చాయి. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే, "అమ్మాయ్, ఎలా ఉంది?" అని కేక. నేను గరిటెతో బయటికి పరిగెత్తి, పదిమంది మగవాళ్ల ముందు, "దగ్గుతోంది!" అని అరవాలి. పప్పు మాడేది. తిట్టుకునేదాన్ని. పిలవని రోజు మాత్రం నేనే వాకిట్లోకి తొంగి చూసేదాన్ని.

మా ఆయన పని కోసం మేము నందిగామ వచ్చేశాక, ఆయన కార్డు ముక్క రాశారు. "బండి ఎలా ఉందని అడిగితే మీ అత్తయ్య అన్నిటికీ బాగానే ఉందంటోంది. దానివల్ల ఉపయోగం లేదు. వీలు చూసుకుని రావలెను." నేను వెళ్లలేదు. వచ్చే వారం వెళదాం అనుకున్నాను.

పెద్ద కర్మ అయిన మధ్యాహ్నం, చుట్టాలు వెళ్లాక, మా ఆయన కొట్టంలోకి వెళ్లి కిక్కు కొట్టారు. రెండో కిక్కుకే లేచింది. వసారాలో ఆకులు ఎత్తుతున్న నా నోట్లోంచి నాకు తెలియకుండానే పెద్ద కేక వచ్చింది. "దగ్గుతోంది!"

అత్తయ్య చూరులోంచి ఆయన స్క్రూడ్రైవరు తీసి నా చేతికిచ్చింది. చెక్క పిడి మీద రెండు వరసలుగా పళ్ల గాట్లు. వాటి మీద వేళ్లు ఆనించి పట్టుకుని, స్క్రూ వెనక్కి తిప్పాను. కొంచెం. ఇంకాస్త. చల్ల చిలుకుతున్న చప్పుడు వచ్చేసరికి చెయ్యి తీసేశాను.

అత్తయ్య వచ్చి, వణుకుతున్న పెట్రోలు టాంకు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. పెట్రోలు అయిపోయి బండి దానంతటది ఆగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.