వీధి కుళాయికి పాత చెప్పు

“జీతమియ్యనోళ్లతో తిట్లు తినేదేంది పాపా? మూసేయ్ ఆ పెట్టె!” అన్నాను.

“మూస్తే తప్పు ఎవరు సరిచేస్తారవ్వా?” అని ఆ అమ్మాయీ గట్టిగానే అరిచింది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో నా పక్కన కూర్చుంది. ఒళ్లో ల్యాప్‌టాప్. లినక్స్ కంప్యూటర్లలో ప్రోగ్రాములు ఎక్కించడానికీ తీసేయడానికీ ఒక పనిముట్టు ఉందట. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చట. దాన్ని బాగుచేసేవాళ్లలో ఈమె ఒకతె. ఇప్పుడది ఒక ప్రోగ్రాం తీసేయమంటే, మరోదానికి కావలసింది కూడా పీకేస్తోందట. అందుకు ముక్కూ మొహం తెలియనివాడెవడో ‘చేతగాకపోతే తప్పుకో’ అని రాశాడు. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

“మా వీధి కుళాయీ అంతే. బిగించేది నేను, కారితే తిట్టేది నన్నే. ఇంక ముట్టుకోను” అన్నాను.

“నీళ్లు పోతాండాయి గదవ్వా?”

“పోనీ!”

ఆమె మళ్లీ పెట్టె మీదికి వంగింది. టకటకా కొడుతూనే ఉంది. జమ్మలమడుగులో పెట్టె మూసి లేచింది.

“వానికి గడ్డి పెట్టినా. తప్పూ సరిచేసి పంపినా” అని దిగిపోయింది.

మరునాడు పొద్దున్నే పాత రబ్బరు చెప్పు కోసి వాషరు చేశాను. వీధంతా వినబడేలా తిడుతూ కుళాయికి బిగించాను.