మా ఆవిడ బరువుకు ట్యూనింగ్

పుట్టినప్పుడు మూడు కేజీలు కూడా లేని మా మనవరాలు, ఇరవై ఎనిమిదేళ్లుగా నా పక్కన కదలకుండా కూర్చున్న మనిషిని ఒక్క ఏడుపుతో నందిగామకు లాక్కుపోయింది. అమ్మాయికి అక్కడి బడిలో ఉద్యోగం. సెలవు అయిపోయింది, పిల్లను చూసేవాళ్లు లేరని మా ఆవిడ వెళ్లింది. నాలుగు వారాలంది. అయిదు నెలలైంది. నేను జగ్గయ్యపేటలో, ఆవిడ నందిగామలో. మధ్యలో ఉన్నది అరగంట రోడ్డే అని ఊళ్లోవాళ్లంటారు. నాకది సముద్రం.

ఆవిడ చూసే సీరియల్ ఆ వేళకు రోజూ పెడుతున్నాను. చూడటానికి కాదు. అందులో అత్తగారు అరుస్తూంటే వంటింట్లో మనిషి ఉన్నట్టుంటుంది.

నాకో పాత స్పోర్ట్స్ కారుంది. రెండే తలుపులు. అందులోకి దిగాలంటే ముందు నడుముతో, తర్వాత మోకాళ్లతో రాజీ కుదుర్చుకోవాలి. ఇంట్లో ఎలాగూ పలకరించేవాళ్లు లేరు, కనీసం కారైనా గొంతు విప్పుతుందని విజయవాడ వెళ్లి సైలెన్సర్ మార్పించాను. లావుపాటి స్టీలు గొట్టం. మొదటిసారి స్టార్ట్ చేసినరోజు పేటలో సగం కుక్కలు సరిహద్దు దాటి తెలంగాణకు వలసపోయాయి.

గొంతు వచ్చింది గాని లాగుడు పోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఆలోచించుకుని కదిలేది, వదిలితే వెనకాల టపాకాయలు పేలేవి. చిల్లకల్లు దగ్గర ఒక ఆటో నన్ను దాటిపోయింది. అందులో పదకొండు మంది ఉన్నారు. పదకొండు మందీ నావైపు జాలిగా చూశారు.

నందిగామలో ఒక మెకానిక్ ఉన్నాడు. అందరూ భాయ్ అంటారు. ఒకప్పుడు జీపుల కార్బురేటర్లను చెవితో విని సరిచేసినవాడు, ఇప్పుడు అదే చెవి పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటున్నాడు.

"గొట్టం పెద్దదైంది కదండీ, పొగ సులువుగా బయటకి పోతంది," అన్నాడు. "లోపలున్న కంప్యూటర్‌కి ఆ సంగతి తెలీదు. పాత లెక్కనే పెట్రోలు పోస్తంది. ఆ లెక్క మళ్లీ రాయాలి."

"రాయి భాయ్."

"షెడ్డులో రాసేది కాదు సార్, రోడ్డు మీద రాయాలి. మీ పక్కన రోజూ ఎవరు కూర్చుంటారు?"

అది ఆయన పద్ధతి. మిరపకోత కూలీలను మోసే జీపుల కాలంలో అబ్బిన అలవాటు. ఖాళీ బండిని ట్యూన్ చేస్తే, పదహారు మంది ఎక్కాక మిట్ట మీద ఆగిపోయేదట. అందుకని ఏ బండి ఎవరిని మోస్తుందో వాళ్లను ఎక్కించుకున్నాకే పని చేస్తాడు.

"మా ఆవిడ," అన్నాను, నిన్న కూడా ఆవిడ పక్కన కూర్చున్నట్టు. అయిదు నెలలుగా ఆ సీటులో కూర్చున్నది నా టిఫిన్ క్యారియరొక్కటే. దానికి సీటు బెల్టు కూడా పెడుతున్నాను.

"పిలవండి మరి."

"పిల్లతో తీరదు. ఆవిడ బరువుకు బియ్యం బస్తాలు వేద్దాం."

"అమ్మగారు ఎన్ని కేజీలు?"

ఆ అంకె నోటితో పలికి ప్రాణాలతో మిగిలిన మగాడు మా తాలూకాలో లేడు. నేను ఆకాశం వైపు చూశాను. భాయ్ నవ్వాడు.

"బస్తా ఏసీ పెంచమనదు సార్. ఏసీ పెంచితే ఇంజను మీద బరువు పడతది. మనిషే కావాలి."

అమ్మాయి ఇంటికెళ్లి విషయం చెప్పాను. మా ఆవిడ భుజం మీద పిల్ల, పిల్ల నోట్లో ఆవిడ పైట చెంగు.

"అయితే నన్ను తూకపు రాయిని చేశారన్నమాట."

"అరగంటే."

"మీ అరగంటలు నాకు తెలుసులెండి."

"ఆదివారమేగా, నేనుంటాలే. వెళ్లమ్మా," అని అమ్మాయి పిల్లను అందుకుంది.

ఆవిడ కారెక్కింది. సీటు తనంతట తానే ఇంకాస్త లోపలికి ఒదిగినట్టనిపించింది. వెనక సీటంటారే, దాన్ని తయారుచేసినవాళ్లు రెండు పిల్లుల కోసం చేశారు. అందులో భాయ్, ఒళ్లో ల్యాప్‌టాప్, గడ్డం కింద మోకాళ్లు.

హైవే ఎక్కాం. "మూడో గేరులో నిదానంగా ఎక్కించండి. చాలు, ఇప్పుడొదలండి," అని వెనకనుంచి చెబుతున్నాడు. ప్రతి రెండు మైళ్లకూ పక్కకు ఆపించి కారు కంప్యూటర్‌కి కొత్త అంకెలు పంపిస్తున్నాడు. మా ఆవిడ పిల్ల విరేచనాల చరిత్రను మొదటినుంచి వివరిస్తోంది, మధ్యలో ఏసీ పెంచమంది. భాయ్ అద్దంలో నావైపు గర్వంగా చూశాడు. ఆయన నాలుగోసారి అంకెలు మార్చేసరికి పేలుళ్లు ఆగాయి. కారు వెన్నలో చెంచా దిగినట్టు ముందుకు సాగింది.

"చూశావా," అన్నాను.

చప్పుడుకు విసుక్కుందేమోనని తిరిగి చూశాను. నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. భుజం మీద ఎండిపోయిన పాల మరక. కళ్ల కింద నల్లటి వలయాలు. అవి నేను ఫోనులో ఎప్పుడూ చూడలేదు. ఫోను చేసి నా ఒంటరితనాన్ని పన్నెండు స్కంధాలుగా వినిపించేవాణ్ణి. రాత్రి పడుకున్నావా అని ఒక్కరోజూ అడగలేదు.

"ఇంకొక్కటి మిగిలింది సార్," అన్నాడు భాయ్. "బలంగా తొక్కి ఇంజను ముల్లు నాలుగు వేలు దాటించాలి. అప్పుడే పై స్పీడు లెక్క కుదురుతది."

నేను తొక్కలేదు. ఆయన ముందుకు వంగి ఆవిడను చూశాడు. కాసేపటికి ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపించింది.

"కిందది కుదిరింది కదండీ. మీరు తిరిగేది ఆ స్పీడులోనే," అన్నాడు గొంతు తగ్గించి.

చిల్లకల్లు వచ్చింది. అక్కడ మలుపు తిరిగితే పది నిమిషాల్లో మా ఇల్లు, మా మంచం, ఆవిడ దిండు. చెయ్యి దానంతటదే ఇండికేటర్ మీదకు పోయింది. అరగంట దాటిపోయింది, అక్కడ పిల్ల అమ్మమ్మను వెతుక్కుంటూ ఉంటుంది. బండి వెనక్కి తిప్పాను.

తిరుగు దారిలో ఎంత నిదానంగా నడిపానంటే, గడ్డి ట్రాక్టరు హారన్ కొట్టి మరీ దాటింది. భాయ్ మోకాళ్లు పట్టేసి ఉంటాయి, పాపం. నందిగామలో అమ్మాయి వీధి మలుపు దగ్గరకు వచ్చేసరికి మా ఆవిడ కళ్లు తెరవకుండానే అడిగింది.

"వచ్చేశామా?"

"ఇంకా లేదు, పడుకో," అన్నాను. బండి తిప్పకుండా నేరుగా పోనిచ్చాను, అమ్మాయి వీధి ఎడమవైపు నుంచి వెనక్కి పోయింది.