గిటారు మెడకు రాసిన జీడినూనె

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. సముద్రపొడ్డున భావనపాడులో పుట్టినవాడికి నిజంగా ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగి దించేసుకుంటాడు. దీన్ని ఎన్ని పెళ్లిభోజనాలు చేసినా దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా మేనత్త కొడుకు, అంటే మా బావ, పలాసలో ఎవరి దగ్గరో పాత గిటారు కొన్నాడు. మా ఊరి ఉప్పుగాలికి సైకిలు గొలుసే నిలవదు, గిటారు తీగలెంత? తుప్పు పట్టాయి. మెడ మీది చెక్క ఎండి తెల్లబారింది. అప్పట్లో నేను ఫోన్లు బాగుచేసేవాణ్ణి. ఫోన్లు బాగుచేసేవాడికి లోకంలో అన్నీ వచ్చని మా ఇంట్లో నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనూ ఎన్నడూ కాదనలేదు. అసలు తప్పు అక్కడ మొదలైందా?

బావకు టెక్కలిలో పెళ్లిచూపులు కుదిరాయి. బావ గిటారు వాయిస్తాడని విన్న ఆ అమ్మాయి, వచ్చేటప్పుడు అది కూడా తెమ్మని ఫోన్లో చెప్పిందట. బావ దాన్ని నా చేతిలో పెట్టి కొత్తదానిలా చేయమన్నాడు. తీగలు విప్పాను. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల మధ్య పేరుకున్న మురికిని పాత పళ్లబ్రష్‌తో తోమాను. ఇక్కడిదాకా నా పని బంగారం. తర్వాత చెక్కకు నూనె రాయాలని వీడియోలో చెప్పారు. వాళ్లు చూపించిన సీసా మా దగ్గర ఎవడు అమ్ముతాడు? బావ వాళ్ల నాన్న, మా మావ, పడవల షెడ్డులో ఒక డబ్బా కనిపించింది. జీడిగింజల పెంకుల నుంచి తీసే నల్లటి నూనె. పడవకు రాస్తే చెక్క పుచ్చదు, గుమ్మానికి రాస్తే చెద పట్టదు. పడవా చెక్కే, గిటారూ చెక్కే. రాశాను. బాగుందనిపించి మళ్లీ ఇంకో పూత వేశాను.

ఆ నూనె తగిలితే ఒళ్లు కాలి బొబ్బలెక్కుతుందని జీడితోటల మా ఉద్దానంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. ఎండలో పెడితే ఆరిపోతుందనుకున్నాను, పడవ మీద ఆరడం లేదా అనుకున్నాను, గుడ్డతో తుడిచాను కూడా, కొత్త తీగలు బిగించేటప్పుడు నా వేళ్లకు ఏమీ అంటలేదు. ఎందుకంటుతుంది? చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కున్నాను. నా నేరమంతా ఆ కవర్లలో ఉంది.

బావ రోజంతా సాధన చేశాడు. చెమట పట్టినప్పుడల్లా ముక్కు తుడుచుకున్నాడు. తెల్లారేసరికి ఎడమ చేతి వేళ్ల నిండా బొబ్బలు, ముక్కు మీద మరొకటి. నానమ్మ చూసి అమ్మవారు పోసిందని తేల్చేసింది. వేళ్లకూ ముక్కుకూ మాత్రమే పోసే అమ్మవారు ఉంటుందా అని ఎవరూ అడగలేదు. వేపమండలు వచ్చేశాయి. బావ నన్ను పక్కకు పిలిచాడు.

"ఏటిరా ఇది, వేళ్లు మండిపోతన్నాయి. గిటారుకేటైనా రాసినావేటి?"

"ఏటీ రాయలేదు బావా. సాధన ఎక్కువైపోనాది. పెద్ద పెద్దోళ్లకి ఇలాగే అవుతాదంట."

"నిజమేనేటి?"

"నీ మీదొట్టు."

ఒట్టు కూడా ఆయన మీదే వేశాను.

వేళ్లకు గుడ్డ చుట్టుకుని, ముక్కుకు పసుపు రాసుకుని పెళ్లిచూపులకు వెళ్లాడు. సంచిలో గిటారు మోసుకుంటూ వెనకాల నేను. వేళ్లు పోయేదాకా సాధన చేసే మనిషి కాపురం కూడా అంత శ్రద్ధగా చేస్తాడనుకుందట ఆ అమ్మాయి. ఒప్పేసుకుంది. ఇప్పటికీ పేరంటాల్లో ఆ బొబ్బల కథ గర్వంగా చెబుతుంది. నేను తల దించుకుని పులిహోర తింటాను.

పెళ్లయింది కదా, నష్టమేముంది? చాలాకాలం అలా సర్దిచెప్పుకున్నాను. నష్టం ఉంది. బొబ్బలు మానాక బావ ఓసారి గిటారు పట్టుకున్నాడు, మళ్లీ మండాయి. అది తన ఒంటికి పడదని గోడకు తగిలించేశాడు. బాగా వాయించేవాడా? లేదు, ఘోరం. కానీ వాయిస్తున్నంతసేపూ ఆ ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు నేను ఆర్పేశాను. సిగ్గుగా ఉంది.

ఈమధ్య అక్క, బావ భార్యను నేను అలాగే పిలుస్తాను, తాను నేర్చుకుంటానని, బాగుచేసి పెట్టమని ఆ గిటారు నాకిచ్చింది. మెడను గరుకు కాగితంతో అసలు రంగు బయటపడేదాకా గీకాను. స్పిరిటుతో తుడిచాను. తర్వాత వట్టి చేతులతో పట్టుకుని, ఒక్కో మెట్టూ నొక్కుతూ పొద్దు వాలేదాకా కూర్చున్నాను. మర్నాడు వేళ్లు చూసుకున్నాను. ఏమీ కాలేదు. ఒక్క బొబ్బయినా వస్తే బాగుండుననిపించింది.

నిన్న అక్క అరుగు మీద కూర్చుని వాయిస్తోంది. బావ కాస్త దూరంగా కూర్చుని వింటూ, మోకాలి మీద ఎడమ చేతి వేళ్లు ఆడిస్తున్నాడు.

"ఓసారి పట్టుకో బావా, ఏటీ అవదు" అన్నాను.

"నీకేటి తెలుసురా" అని ఆ చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

నాకే తెలుసు. నాకొక్కడికే తెలుసు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అత్త పకోడీలు తెచ్చింది. తిన్నాను.

ఆయనకు ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాను. కవర్ల సంగతి కూడా దాచలేదు.