కొల్లేటి చుట్టూ సైకిలు మీద ఒక అల్లుడు

కొల్లేరు చుట్టూ సైకిలు మీద తిరిగి రావాలన్న బుద్ధి నాకు పుట్టడానికి ప్రకృతి సౌందర్యం ఎంతమాత్రం కారణం కాదు. మా బావమరిది శేషగిరి కారణం. వాడు మా ఇంట్లో ఉండి ఏలూరులో చదువుకుంటున్నాడు. పెళ్ళిలో నేను అలకపాన్పు మీద పూటంతా మొహం ముడుచుకు కూర్చుని సంపాదించుకున్న సైకిలు మీద వాడి కన్ను పడింది. "కచేరీ ఉద్యోగానికి నాలుగు వీధులు తొక్కడానికి బావగారికి అంత మంచి సైకిలెందుకే అక్కా?" అన్నాడొకనాడు, నాకు వినపడేలాగే. నాకు ఒళ్ళు మండింది. నాలుగు వీధులు కాదు, కొల్లేరంతా చుట్టి వస్తానన్నాను.

మా ఆవిడ అక్కడికక్కడే పందెం ఖాయం చేసేసింది. తాడేపల్లిగూడెం, ఉండి, ఆకివీడు మీదుగా తిరిగి ఏలూరు చేరాలి. దారిలో రైలు గాని, ఎద్దుబండి గాని ఎక్కకూడదు. కొల్లేరు దాటే చోట పడవకి మాత్రం మినహాయింపు. బండెక్కితే సైకిలు శేషగిరిది. ఎక్కకపోతే వాడు మళ్ళీ దాని ఊసెత్తకూడదు.

మాఘమాసంలో ఒక శనివారం తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాను. సంచిలో గాలిపంపు, పంక్చరు సామాను, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర ఉన్నాయి. మొదట కంకర రోడ్డు నడుము విరగ్గొట్టింది గాని, కాలవగట్టు ఎక్కాక హాయిగా ఉంది. పక్కన పడవలు, అవతల మినపచేలు, చల్లటి గాలి. భీమడోలు దగ్గర మిషన్ బళ్ళో పాఠాలు చెప్పే పంతులుగారొకాయన ఎదురై, ఎందాకా అని అడిగారు.

"కొల్లేరు చుట్టూ తిరిగి మళ్ళీ ఏలూరేనండీ."

"ఏలూరు నించి ఏలూరికాండీ?" అన్నారాయన. "అయితే తమరు అక్కడే ఉండిపోయినా సరిపోయేదేమోనండీ."

గట్టిగానే ఉన్న టైరుకి ఇంకాస్త గాలి కొట్టి ముందుకి సాగాను.

పదింటికి తాడేపల్లిగూడెం చేరి ఒక కాఫీ హోటల్లో కూర్చున్నాను. ఇడ్లీ బావుంది, కాఫీ ఇంకా బావుంది. హోటలాయన పక్కనే నించుని తమరిది ఏ ఊరండీ అన్నాడు, చెప్పాను. అత్తారిది ఏ ఊరండీ అన్నాడు. అక్కడ నోరు మూసుకోవలసింది. ఉండి పక్కన మా మామగారి ఊరి పేరు చెప్పేశాను.

"మా పిన్నిగారిదీ ఆ ఊరేనండీ. అయితే మీరు మాకూ అల్లుడుగారే" అని, డబ్బు పుచ్చుకోకుండా, పెరట్లోకి తిరిగి బండి కట్టమని కేకేశాడు. నేను సైకిలు లాక్కుని పరుగెత్తాను.

ఈ ప్రాంతం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఇక్కడ అల్లుడంటే ఒక ఇంటికి కాదు, ఊరంతటికీ అల్లుడే. అతను ఎండలో వెళ్ళకూడదు, ఆకలితో వెళ్ళకూడదు, నడిచి వెళ్ళకూడదు. అసలు వెళ్ళకపోతే మరీ మంచిది. అక్కణ్ణించి దారిలో ఎవరేం అడిగినా నాకు పెళ్ళి కాలేదనే చెప్పాను. దాంతో ఇద్దరు పెద్దమనుషులు సంబంధాలు చెప్పడం మొదలుపెట్టారు.

మూడింటికి అత్తారిల్లు చేరాను. ఆ పూట భోజనం సంగతి రాయను, చదివినవాళ్ళకి అజీర్తి చేస్తుంది. మర్నాడు పొద్దున్నే లేచేసరికి వాకిట్లో గూడుబండి సిద్ధంగా ఉంది. నేను సైకిలు మీదే వెళతానన్నాను. మామగారికి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆయన మొహం చిన్నబోయింది.

"అల్లుడుగారు ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ పోతే ఊళ్ళో నేను తలెత్తుకోగలనాండీ?"

"సైకిలు మీరిచ్చిందే కదండీ మామగారూ."

"ఇచ్చానండీ. ముచ్చటపడ్డారని ఇచ్చాను. దాన్నెక్కి మా ఊరు వస్తారనుకున్నానా?"

పందెం సంగతి చెప్పాను. మరైతే పొలిమేర దాకా సాగనంపుతానన్నారు. పెద్దవారు నడుస్తుంటే నేను సైకిలెక్కలేను గనక నడిపించుకుంటూ పక్కనే నడిచాను. వెనకాల ఖాళీబండి గజ్జెలు మోగించుకుంటూ వస్తోంది. పొలిమేర వచ్చింది. లాకుల దాకా వస్తానన్నారు. లాకులు దాటాం. వంతెన దాకా అన్నారు. నొప్పెక్కువైనప్పుడల్లా మినపచేను చూస్తున్నట్టు ఆగుతున్నారు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది.

వంతెన దగ్గర ఆయన కాలిలో ముల్లు దిగింది. మైలురాయి మీద కూర్చుని పీకి పారేసి, "నాకేం లేదండీ, మీరు బయల్దేరండి" అన్నారు. ఇదే అదను. ఎదర దారంతా ఖాళీ. సైకిలు ఇక నాదే. పెడలు మీద కాలు పెట్టాను. ఆయన మళ్ళీ కుంటుకుంటూ లేచి, కండువా సర్దుకుని, నా పక్కన నడవడానికి సిద్ధమయ్యారు.

"బండిలో కూర్చోండి మామగారూ."

"మీరెక్కితే ఎక్కుతానండీ."

ఎక్కాను. సైకిలు వెనకాల తాళ్ళతో కట్టించాను. బండిలో పరిచిన గడ్డి మీద కూర్చున్న కాసేపటికే ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. ఆకివీడు దాకా నేను కదలలేదు.

అక్కడ మామగారి దగ్గర సెలవు పుచ్చుకుని మళ్ళీ సైకిలెక్కాను. పందెం పోయాక చక్రాలు తేలిగ్గా తిరిగాయి. కొల్లేటి ఒడ్డు దాకా తొక్కి, అక్కడ పడవెక్కాను. నీళ్ళ మీద వేలకొద్దీ పక్షులు, కనుచూపు మేర తూడు మొక్కల పచ్చదనం. ఏలూరికి ఇంత దగ్గర్లో ఇంత అందం ఉందని నాకు తెలియనే తెలియదు. పడవవాడు అడిగాడు, తమరెవరి తాలూకా అని. చెప్పలేదు.

దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరాను. బండెక్కారా బావగారూ అన్నాడు శేషగిరి. ఎక్కానని జరిగిందంతా చెప్పాను. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ముల్లు దిగేదాకా నాన్నని నడిపించాకా మీరు ఎక్కింది?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఈ దారిన వెళ్ళదలచినవారికి నా సలహా: మాఘమాసం మంచిది, కాలవగట్టు మంచిది, తాడేపల్లిగూడెంలో కాఫీ మంచిది. మరుసటివారం శేషగిరి ఆ సైకిలు మీదే బయల్దేరి ఒక్క బండీ ఎక్కకుండా చుట్టి వచ్చాడు. హోటలాయన డబ్బు పుచ్చుకున్నాడట. కన్నతండ్రి అయితే గుమ్మంలోంచే, "ఎండెక్కకుండా పోరా" అన్నారట. వాడికింకా పెళ్ళి కాలేదు.