రాజుగారి కంటే ముందు ముద్ద

మొన్న మస్కట్‌లో, మత్రా సూక్ బజారులో ఒక గుజరాతీ సేఠ్ కొట్టు ముందు నిలబడి జీలకర్ర తూకం వేయించుకుంటున్నాను. లోపల ఎవరో నువ్వులు వేయిస్తున్నారు. మాడటానికి ఒక్క క్షణం ముందు వచ్చే ఆ కమ్మటి వాసన ముక్కుకు తగిలేసరికి చేతిలో సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంకేం కావాలని సేఠ్ రెండుసార్లు అడిగాడట. నాకు వినపడితే గదా! నేనప్పుడు ఖురంలో ఒక కొరియా వాళ్ల వంటింట్లో ఉన్నాను, హాన్ మేడం పక్కన.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, యాభై దాటిన వయసు, జుట్టు ఒక్క పోగు కూడా జారకుండా వెనక్కి దువ్వి ముడి వేసుకునేది. భర్త ఇక్కడి కంపెనీలో ఇంజనీరు. నేను కడప నుంచి వచ్చి వాళ్లింట్లో ఊడ్చే పనికీ, కడిగే పనికీ చేరాను. వంట జోలి నీకు లేదని ఏజెంటు ముందే చెప్పాడు. చేరిన మొదటి వారంలోనే, ఆమె ఒక కోడిగుడ్డు పగలగొట్టి, తెల్లసొన వేరుగా, పచ్చసొన వేరుగా పల్చటి అట్లు పోసి, వాటిని దారాల్లా తరగడం చూశాను. ఒక్క గుడ్డుకి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. పెళ్లికి ముందు సియోల్‌లో ఒక పెద్దావిడ దగ్గర ఏళ్ల తరబడి రాజభవనపు వంట నేర్చుకుందని తర్వాత తెలిసింది. అక్కడ రాజులు పోయి చాలాకాలమైంది. వంట మాత్రం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వస్తూనే ఉందట.

మా ఇద్దరి మధ్యా నడిచింది ముక్కల ఇంగ్లీషు, నడుమ నడుమ చేతుల సైగలు. అదంతా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఆ వారం చివర ఒక మధ్యాహ్నం నన్ను కుర్చీలో కూర్చోమంది. ఎదురుగా తొమ్మిది అరల నల్లటి పెట్టె పెట్టి, ఇది రాజులు తినేదని చెప్పింది. చుట్టూ ఎనిమిది అరల్లో క్యారెట్, కీరా, పుట్టగొడుగులు, ఆ గుడ్డు దారాలు, అన్నీ వెంట్రుకంత సన్నగా తరిగి ఉన్నాయి. నడుమ అరలో అరచేయంత పల్చటి అట్లు. "కొత్త దేశానికి ప్రయాణం చేసి వచ్చినవాళ్లకి ముందు అన్నం పెట్టాలి. పని తర్వాత" అంటూ ఒక అట్టులో అన్నీ కొంచెం కొంచెం పెట్టి, చుట్టి, నా చేతికిచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. ఉప్పూ లేదు, కారమూ లేదు, అచ్చం పథ్యం కూడు! ఊరుకోలేక అడిగేశాను: "రాజుకి జబ్బా మేడం?"

ఆమె కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "నువ్వు కారం వెతుకుతున్నావు. అది ఇందులో లేదు. వెతకడం మానేసి నమలు" అంది. నమిలాను. నాలుగో అట్టుకి కీరా పచ్చిదనం వేరుగా, పుట్టగొడుగు మట్టివాసన వేరుగా, నువ్వుల నూనె చివర్లో నెమ్మదిగా తెలిశాయి. ముప్పై ఏళ్లు వండి వడ్డించినదాన్ని, తిండిని అంత శ్రద్ధగా తినడం అదే మొదలు. ఆ రోజు నుంచి తరగడానికి నన్ను కూడా పక్కన నిలబెట్టుకుంది. నేను పెద్దమాంసం ముట్టనని తెలిసి, నేనున్న రోజుల్లో వాళ్ల మాంసపు రసాన్ని కోడితోనే కాచేది.

ఆరు నెలలకి ఆమెకి జ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. లేచాక ఒక ఉదయం చిల్గోజా అనే పైన్ గింజల పప్పు, బియ్యం రుబ్బి తెల్లటి జావ కాచింది. రాజులకి పొద్దున లేవగానే ఇచ్చే జావ అది. ఫోన్ మోగితే, "ఉప్పు చూసి దించు" అని నాకు చెప్పి వెళ్లింది. మా అవ్వ దగ్గర నేర్చుకున్న వంట నాది. వండుతూ నోట్లో వేసుకుంటే అంతా ఎంగిలి అనేది అవ్వ. ఆవిరి వాసన చూసి ఉప్పు చెప్పాలి. అలాగే వాసన చూసి ఇంకో చెంచా వేశాను. ఆమె అప్పటికే వేసిందని నాకేం తెలుసు? సారు ఒక్క చెంచా తాగి నీళ్లకోసం పరిగెత్తాడు. ఎదురుగా మేడం మాత్రం గిన్నెడు జావా నింపాదిగా తాగి, బాగుంది అంది. 

సారు డ్యూటీకి వెళ్లాక, "ఆ జావ ఉప్పు కషాయం మేడం" అన్నాను. ఆమె కుళాయి కట్టేసి, సింకు అంచు పట్టుకుంది. "నాకు తెలియలేదు సుగుణా. ఉప్పు, తీపి ఏదీ తెలియడం లేదు. నువ్వులు మాడినా వాసన రావడం లేదు. ఎవరికీ చెప్పకు. సారుకి కూడా." రెండు నెలల్లో ఆమె గురువుగారు మస్కట్ వస్తున్నారు. పెద్దావిడకి ఎనభై ఏళ్లు దాటాయి. పిల్లలకి ఈ వంట నేర్పే తన వంటశాలని ఇద్దరు శిష్యురాళ్లలో ఒకరికి అప్పగించాలని, చివరిసారిగా ఇద్దరి చేతివంటా తినాలని ఆవిడ అనుకున్నారట. ఆ వంటశాల కోసం మేడం సగం జీవితం ఎదురుచూసింది.

శుక్రవారం సువార్తని అడిగాను. అమలాపురం దగ్గరి అమ్మాయి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఎవరికని చెప్పకుండా, జ్వరం తర్వాత నాలుక పోతే తిరిగొస్తుందా అన్నాను. "కొందరికొచ్చేత్తదక్కా, కొందరికి ఏళ్లు పడద్ది. మందంటూ ఏం లేదు. ఎవరికక్కా, నీకా?" అంది. "నాకెందుకు పోతాదిమే, నీ నోట్లో చక్కెర పొయ్యా" అని నవ్వేసి వచ్చాను గానీ, బస్సులో నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మేడం చిన్న గిన్నెలో రసం పోసి నా ముందు పెట్టి, రుచి చూసి చెప్పమంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "ఎంగిలి మేడం. తినేవాళ్లకంటే ముందు వండేవాళ్లు తినకూడదు." ఎంగిలి అంటే ఏమిటో వివరించడానికి నాకు పావుగంట పట్టింది. అంతా విని ఆమె తమ రాజుల సంగతి చెప్పింది. రాజు ముట్టుకోకముందు ఒక పెద్ద ముత్తైదువలాంటి పరిచారిక ప్రతి గిన్నెలోంచీ కొంచెం తీసుకుని తినేదట. విషం ఉందేమోనని మొదలైన ఆచారమే. "కానీ ఆ పని ఎవరికిచ్చేవారు? రాజుని చిన్నప్పటి నుంచి సాకిన మనిషికి. ఆమె తిని బాగుందంటేనే రాజు తినేవాడు. ఇప్పుడు నాకు ఆ మనిషి కావాలి" అంది. మా అవ్వకి మనసులో దండం పెట్టుకుని గిన్నె ఎత్తాను.

ఆ రెండు నెలలూ ఆమె నన్ను అరగదీసింది. ఒకసారి బాగుంది అన్నానని కుండెడు రసం పారబోసింది. "బాగుంది అనేది రుచి కాదు. ఉప్పు నోట్లో పెట్టగానే తెలిసిందా, మింగాక తెలిసిందా?" అనేది. మింగాక, గొంతు మొదట్లో అంటే, ముల్లంగి ఇంకో నాలుగు ముక్కలు వేసేది. నువ్వులు వేయించేటప్పుడు కళ్లు నా ముఖం మీదే ఉండేవి. "ఇప్పుడు" అనగానే మూకుడు దించేది, ఒక్కసారి కూడా అనుమానించలేదు. జీవితమంతా తన నాలుకనే నమ్మిన మనిషి, ఊడ్చడానికొచ్చిన నా నాలుకని అలా నమ్మింది. ఆ ధైర్యం నాకైతే ఉండేది కాదు.

గురువుగారు వచ్చిన మధ్యాహ్నం, బల్ల నిండా ఇత్తడి గిన్నెలు పరిచాం. ఆవిడ నెమ్మదిగా తింటూ, రసం రెండోసారి తాగి, మేడం వైపు చూసి, చెంచా కింద పెట్టారు. గిన్నెలు పట్టుకుని నిలబడ్డ నావైపు తిరిగి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగారు: "ఇది హాన్ చెయ్యే. ఉప్పు మాత్రం ఆమెది కాదు. ఎవరు రుచి చూశారు?"

"మేడమే. అన్నీ మేడమే చూసింది" అన్నాను. తడుముకోలేదు కూడా. అబద్ధమైతే ఏం, ఆమె వంటశాల ఆమెకి దక్కాలి!

మేడం లేచి నిలబడింది. నాకు అర్థం కావాలనే కాబోలు, ఇంగ్లీషులోనే చెప్పింది. "కాదు గురువుగారూ. రెండు నెలలుగా నాకు రుచి తెలియదు. వండింది నేను. చూసింది సుగుణ." సారు చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.  పెద్దావిడ తన పక్క కుర్చీ చూపించి, "కూర్చో. ఇంకా ముట్టుకోని గిన్నెలున్నాయి. ముందు నువ్వు తిను" అన్నారు. ఒక్కో గిన్నెలోంచీ కొంచెం తీసుకున్నాను. నేను మింగి తల ఊపిందాకా ఆ ముగ్గురూ ఆగారు.

పన్నెండు రోజులకి ఉత్తరం వచ్చింది. వంటశాల రెండో శిష్యురాలికి ఇచ్చారు. మేడం చదివి, మడిచి, బియ్యం కడగడానికి వెళ్లింది. ఆ కడిగే చేతుల మీదే ఆమె కన్నీళ్లు పడుతున్నాయి. "మీరు ఊరుకుని ఉంటే సరిపోయేది గదా మేడం, నేను చెప్పేశాను గదా!" అని నేనూ ఏడ్చాను, కోపంతోనే ఏడ్చాను. "సరిపోయేది. తర్వాత పిల్లలకి నేర్పడానికి రోజూ ఇంకో అబద్ధం కావలసొచ్చేది" అంది ముక్కు తుడుచుకుంటూ. "నీళ్లు వంచు, బియ్యం నానిపోతున్నాయి."

ఏడాది తర్వాత సారు కాంట్రాక్టు ముగిసి వాళ్లు వెళ్లిపోయారు. వెళ్లేముందు ఖురంలోనే ఒక హోటల్ వంటింట్లో నా పని కోసం మేడం ఉత్తరం రాసిచ్చింది. మలయాళీ మేనేజరు దాన్ని పైకి చదివాడు. నమ్మకస్తురాలు, కష్టపడుతుంది అని అందరూ రాసే మాట ఒక్కటీ లేదు. "నా నాలుక పోయిన కాలమంతా మా ఇంటి వంటకి రుచి ఈమె నాలుకే చెప్పింది. మా గురువుగారు తిన్న భోజనానికి కూడా" అని ఉంది, కింద ఆమె సంతకం. ఆయన కాగితం తిప్పి చూసి, "పేరున్న వంటమనిషి గదా, తన లోటు ఇలా ముక్కూమొహం తెలియనివాళ్లకి రాసిచ్చుకుంటుందా ఎవరైనా?" అన్నాడు.

"మా మేడం రాస్తుంది సార్" అన్నాను.

మర్నాటి నుంచి డ్యూటీకి రమ్మన్నాడు. ఇప్పుడు అక్కడ నాతో పాటు ఒక శ్రీలంక ఆమె, ఇద్దరు బెంగాలీలు పనిచేస్తారు. అతిథులు ఎప్పుడైనా వంట మెచ్చుకుని నన్ను బయటికి పిలిస్తే, ఆ పూట రసం ఎవరు కాచారో, ఉప్పు ఎవరు చూశారో పేరు చెప్పిందాకా నాకు మనసు నిలవదు.