మోగని రిమైండర్లు, వెలిసిన ఎరుపు

మా ఆఫీసులో నీళ్లు పరీక్ష చేసే అక్క పోయిన సంగతి మంగళవారం పొద్దున గ్రూపులో చూశాను. గిద్దలూరులో కూతురి ఇంట్లో, నిద్రలోనే ప్రాణం పోయిందట. కొన్ని నెలలుగా ఒంట్లో బాగాలేదు, అయినా తిరిగి వస్తుందనే అనుకున్నాం. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. ఆమెతో నేనొక అబద్ధం ఆడాను. ఇక ఆమె దగ్గర ఒప్పుకునే వీలు లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది మార్కాపురంలో ఒక చిన్న సంస్థ. చుట్టుపక్కల ఊళ్ల నీళ్లు తెచ్చి ఫ్లోరైడ్ ఎంతుందో చూస్తాం. ఎక్కువ ఉన్న చేతిపంపుకు ఎర్ర రంగు వేస్తాం. గొడ్లకు, బట్టలకు వాడుకోవచ్చు గానీ తాగకూడదని దాని అర్థం. ఎండకు ఆ రంగు ఏడాది కూడా నిలవదు, అందుకని ఆరు నెలలకోసారి మళ్లీ వేయాలి. ఆ పని ఎవరూ అప్పగించకుండానే అక్క నెత్తినేసుకుంది. ఆమెది అర్ధవీడు వైపు పల్లె, కూలి చేసుకునే కుటుంబం. అలాంటి నీళ్లు తాగే వాళ్ల నాయనకు నలభై దాటకముందే మెడ తిరగకుండా పోయిందట. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూసేవాడట.

"నీళ్లను చూస్తే ఏం తెలుస్తది నాయనా? చూస్తే తెలిసేదైతే మనకు జీతాలెందుకిస్తారు?" అనేది.

నేను చేరిన కొత్తలో రెండు ఊళ్ల సీసాల మీద చీటీలు తారుమారు చేశాను. ఆమె ఎవరితోనూ అనలేదు. మరుసటి రోజు బస్సెక్కి హనుమంతునిపాడు దాకా పోయి, ఆ నీళ్లే మళ్లీ పట్టుకొచ్చింది. నా ఉద్యోగం నిలబడింది ఆ రెండు సీసాల వల్లే. ఆమె సంచిలో టిఫిన్ డబ్బా పక్కనే రంగు బ్రష్షు ఉండేది. గోళ్ల అంచుల్లో ఎరుపు ఎప్పుడూ వదిలేది కాదు. "గోళ్ల రంగు బాగుందక్కా" అని ఏడిపిస్తే "మీ ఆడమనిషిని తీసుకరా, ఆమెకూ వేస్తా" అనేది.

మూడేళ్ల కింద ఆఫీసులో అందరికీ కలిపి కంప్యూటర్‌లో ఒకే క్యాలెండర్ పెట్టాం. పెట్టింది నేనే. అప్పటిదాకా ఆమె పంపుల తేదీలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేది. "ఇంక ఆ పుస్తకమెందుకక్కా, ఇదే పిలిచి చెప్తుంది" అన్నాను. నమ్మింది. రెండు రోజులు నా పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పుస్తకమంతా ఎక్కించింది. ఆ పుస్తకం మళ్లీ ఆమె చేతిలో చూడలేదు.

ఎక్కించి ఊరుకుంటే బాగుండేది. ప్రతిదానికీ అందరి పేర్లూ తగిలించింది. సీసాలు కడగండి. మీటరు బ్యాటరీ చూడండి. డ్రైవరు బీపీ మాత్ర వేసుకున్నాడా. ఫలానా ఊరి పంపు, ఎరుపు. ఒక రోజు ముందు ఒకసారి, గంట ముందు ఒకసారి, పది నిమిషాల ముందు మళ్లీ. పదిమంది ఫోన్లూ ఒకేసారి టింగుమనేవి. బస్సులో ఉన్నా, పెళ్లిలో అక్షింతలు వేస్తున్నా వదిలేవి కావు. ఆమె మాత్రం అన్నం ముందు ప్రార్థన చేసుకుంటూ, ఫోను మోగితే ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేది.

"ఒకసారి చెప్తే చాలదా అక్కా?" అని విసుక్కున్నాను.

"చెప్తే ఇంటారు. మోగితే లేస్తారు," అంది.

ఆ గోల ఆపమని మేనేజరు నాతో అన్నారు. ఎలా ఆపాలో నాకు తెలుసు. ఒక్కొక్కరితో కూర్చుని, వాళ్లకు అక్కరలేనివి వాళ్ల ఫోన్లో మాత్రమే తీసేయాలి. ఆమెవి ఆమెకు మోగనివ్వాలి. నాకు బద్ధకమేసింది. క్యాలెండర్ అజమాయిషీ నా చేతిలోనే ఉంది. ఆమె పెట్టినవన్నీ ఒక్కసారిగా ఎంచి, మోత తీసేశాను. అందరికీ, ఆమెకు కూడా. తేదీలు గళ్లలో అలాగే ఉన్నాయి, నోరు మాత్రం లేదు. ఆఫీసు నిమ్మళించింది. ఆ మధ్యాహ్నం నాకు టీ ఇప్పించారు.

రెండు వారాలకు ఆమె ఫోను పట్టుకుని వచ్చింది. "నాయనా, నాది మోగడంలే. ఏందో చూడు."

"ఫోను పాతదైపోయిందక్కా," అన్నాను.

నేనాడిన అబద్ధం అదే. మరుసటి నెల ఆమె కొత్త ఫోను కొనుక్కుంది. అదీ మోగలేదు. ఈసారి నన్ను అడగలేదు. "నాకే చాతగావడంలే, వయసైపోయింది" అని డ్రైవరుతో అంటుంటే విన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. సిగ్గేసి తల వంచుకున్నాను. ఆ తర్వాత ఆమె గుర్తున్న ఊళ్లన్నీ గుర్తుమీదే తిరిగింది, మంచం పట్టేదాకా.

సమాధి కార్యక్రమం అయ్యి గిద్దలూరు నుంచి వచ్చాక ఆ క్యాలెండర్ గళ్లు వెనక్కి తిప్పి చూశాను. అర్ధవీడు అవతల ఒక పల్లె ఉంది. ఆమె పుస్తకంలో అన్నిటికన్నా చివర చేరిన ఊరు, ఇంకా కాళ్లకు అలవాటు కాని ఊరు. దానికి పెట్టిన తేదీలన్నీ, ఒక్కదాని పక్కనా రంగు వేసినట్టు గుర్తు లేకుండానే, ఎవరూ పోకుండానే దాటిపోయాయి. మరుసటి రోజే రంగు డబ్బా తీసుకుని వెళ్లాను.

పంపు ఇనుము రంగులో ఉంది. అడుగున అరచేతంత ఎరుపు మిగిలింది. ఒకామె బిందె నింపుకుంటోంది.

"ఇవి తాగుతన్నారామ్మా?"

"తాగకేం. ముందు ఎర్రగుండేది, తాగొద్దని ఒక అమ్మ చెప్పి పోయింది. మళ్ల రాలేదు. రంగు పోయింది గదా, నీళ్లు బాగయినాయి గావాల అనుకున్యాం. రెండేండ్లాయె."

అలా అనుకుంటారని మాకెవరికీ తట్టలేదు. ఆ అమ్మ పోయిందని, నీళ్లు మాత్రం బాగవలేదని చెప్పాను. ఆమె బిందె వైపు చూసింది, తర్వాత నా వైపు.

"మరి ఇన్నాళ్లూ ఒక్కరన్నా వచ్చి చెప్పకపోతిరే అన్నా?"

డబ్బా మూత తీసి రంగు వేయడం మొదలుపెట్టాను. ఆరేళ్లుంటాయేమో, ఆమె కూతురు వచ్చి నా పక్కన కూర్చుంది. ముందు పన్ను ఊడింది. కొత్త పళ్లు చిగుళ్ల లోపల ఉండగానే ఈ నీళ్లు వాటికి మచ్చ పెట్టేస్తాయని నేను నేర్చుకున్నది అక్క దగ్గరే.

"కొత్తది వస్తాంది. ఈడ తగులుతాంది, చూడు," అని ఆ పిల్ల చిగురు మీద వేలు పెట్టింది.

బ్రష్షు కింద పెట్టి వంగాను. సరిగా కనపడడం లేదనుకుందేమో, నోరు ఇంకా పెద్దగా తెరిచింది.